మా రోజుల్లో విరిచి చూసేవాళ్లం

ఇప్పుడు ప్రతిదానికీ ఒక నంబరు ఉండాలి. నంబరు ఎంత పెద్దదైతే సరుకు అంత మంచిదని జనానికి ఎవరు చెప్పారో గానీ, ఆ నమ్మకం ఫోన్ల దగ్గర, మోటార్ల దగ్గర ఆగక చివరికి బీడు దాకా వచ్చింది. ఈ పోత ఇనుము కొనడానికి వచ్చే కుర్రాడు కాస్టింగును చేతిలోకి తీసుకుని చూడడు, సుత్తితో తట్టడు, ఆకురాయి ఆనించి చూడడు. కాగితం మీద గ్రేడు ఎంతుందో చూస్తాడు. అంకె పెద్దదైతే మురిసిపోయి డబ్బు కట్టి వెళ్తాడు.

నేను పుట్టింది రేగోడ్‌లో. వయసంతా ధారపోసింది హైదరాబాదు బాలానగర్ ఫౌండ్రీల్లో. ఇసుక జల్లెడ పట్టే పనితో మొదలుపెట్టి, మౌల్డర్‌నై, ఫోర్‌మన్‌గా దిగి, మళ్లీ ఊరికొచ్చి కూర్చున్నాను. ఊళ్లో మోటారు పంపు కేసింగు పగిలినా, చెరుకు గానుగ రోలరు అరిగినా ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. నేను సగం చెబుతాను, సగం తిడతాను. తిట్లు వినే ఓపిక ఉన్నవాడికి పని తెలుస్తుంది.

మా పక్కింటివాళ్ల మనవడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి రైలింజను పిచ్చి. మా రేగోడ్‌కు రైలు లేదు. జిల్లా కేంద్రం మెదక్‌కే అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల లైను పడి, 2022 సెప్టెంబరులో గానీ రైలు రాలేదు. అలాంటిచోట పుట్టినవాడికి నిజంగా ఆవిరితో నడిచే చిన్న ఇంజను చేయాలని బుద్ధి పుట్టింది. అదీ డబ్ల్యూపీ. 1947లో అమెరికా బాల్డ్విన్ కంపెనీ నుంచి దిగి, తర్వాత చిత్తరంజన్‌లోనూ తయారై, మెయిళ్లనూ ఎక్స్‌ప్రెస్‌లనూ లాగిన ముక్కు గుండ్రని ఇంజను. ఈ కాలం పిల్లలు ఫోన్లో రైలు ఆట ఆడుకుంటుంటే, ఇనుముతో రైలు చేస్తానన్న పిల్లవాడిని చూసి నాకు లోపల సంతోషమే. పైకి మాత్రం చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతారు.

వాడు పండక్కి వచ్చి, సంచిలోంచి ఒక చక్రం తీసి నా ముందు పెట్టాడు. చక్కగా ఉంది. ఆకులన్నీ తీరుగా, అంచు నున్నగా పడ్డాయి.

“తాతా, ఇది లేత్ మీద పడతలేదు. మూడు టూళ్లు పోయినయ్. లేత్ ఆయన ఇంకోసారి దీన్ని నా దగ్గరికి తేకు అన్నడు.”

“ఏం గ్రేడు రాయించినవ్?”

“ఎఫ్‌జీ 300. గట్టిగ ఉండాల్నని.”

“గట్టిగనే ఉన్నది గదా బిడ్డా. ఇంకేం గావాలె?”

వాడికి నా ఎగతాళి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆకురాయి తెచ్చి చక్రం అంచుకు ఆనించి ఒక్కసారి లాగమన్నాను. గీత పడలేదు. ఆకురాయి జారిపోయింది, ఆకురాయి పళ్లే మెరిసిపోయాయి. ఎలాగూ పనికిరాని చక్రమే కాబట్టి, దాన్ని రాతి మీద పెట్టి ఒక ఆకును సుత్తితో కొట్టాను. టప్పున విరిగింది. విరిగినచోట బూడిదరంగు లేదు. తెల్లగా, తళతళలాడుతూ, సూదులు వరసగా పేర్చినట్టు గీతలు గీతలుగా ఉంది. అంచును విరిస్తే మధ్యలో బూడిదరంగు, చుట్టూ తెల్లరంగు, ఆ రెంటి నడుమ మచ్చలు మచ్చలుగా కలిసిన పట్టీ కనిపించాయి. వాడు నాలుగేళ్లుగా మెటీరియల్ సైన్సు చదువుతున్నాడట. విరిగిన బీడును కళ్లతో చూడటం అదే మొదలు.

మా రోజుల్లో అది మొదటి వారం పాఠం.

ఈ నంబరు సంగతి చెబుతాను. మన దేశంలో మామూలు బూడిదరంగు బీడుకు ప్రమాణం ఐఎస్ 210. అందులో ఎఫ్‌జీ 150, 200, 220, 260, 300, 350, 400 అని గ్రేడులుంటాయి. ఆ అంకె ఏమిటంటే, ఆ బీడుతో విడిగా పోసిన 30 మిల్లీమీటర్ల కడ్డీని మిషనులో పెట్టి లాగితే చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల దాకా తెగకుండా ఓర్చుకోవాలని. అంతే. మేం పని నేర్చుకున్నప్పుడు ఇంగ్లండు లెక్క నడిచేది. చదరపు అంగుళానికి పది టన్నులు, పద్నాలుగు టన్నులు, పదిహేడు టన్నులు అనేవాళ్లం. పది టన్నులంటే ఇప్పటి 150కి, పద్నాలుగంటే 220కి, పదిహేడంటే 260కి దగ్గర. లెక్క మారినా కడ్డీ పద్ధతి మారలేదు. మీ వస్తువు కూడా ఆ కడ్డీలాగే నెమ్మదిగా చల్లారితేనే ఆ అంకె మీ వస్తువుకు కాస్త వర్తిస్తుంది. మా పిల్లవాడి చక్రానికి ఆకులు 6 మిల్లీమీటర్లు కూడా లేవు.

లెక్క వేసి చూద్దాం. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. వాడి మోడల్ పట్టాలు అయిదు అంగుళాలు, అంటే 127. దాదాపు పదమూడో వంతు. డబ్ల్యూపీ డ్రైవింగు చక్రం అడ్డకొలత 1702 మిల్లీమీటర్లు. పట్టాల నిష్పత్తిలోనే తగ్గిస్తే 129. అరచేయంత చక్రం. అసలు ఇంజనులో చక్రం పోత ఉక్కుతో పోసి, దానిమీద ఉక్కు పట్టా వేడిచేసి తొడిగేవారు. మోడల్‌లో అదంతా ఒకే ముక్క, బీడుతోనే సరిపోతుంది. కానీ కొలత పదమూడో వంతు అయినంత మాత్రాన కరిగిన ఇనుము కూడా చిన్నదైపోదు. అది తన స్వభావం ప్రకారమే గడ్డకడుతుంది.

బీడులో మూడు, మూడున్నర శాతం కార్బన్ ఉంటుంది. మైల్డ్ స్టీల్లో 0.2 శాతం. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండి, పారశీక వర్తకులకు అమ్మిన ఉక్కు ఉందే, 1820ల్లో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషాయన చూసి రాసిపెట్టిన ఉక్కు, దాంట్లో కూడా ఒకటిన్నర శాతం ప్రాంతమే. బీడులో అంతకు రెట్టింపు ఉంటుంది. అది గడ్డకట్టేటప్పుడు ఆ కార్బన్ ఎక్కడికో పోవాలి. నెమ్మదిగా చల్లారితే రేకులు రేకులుగా గ్రాఫైటై కూర్చుంటుంది. అది బూడిదరంగు బీడు. లేత్ మీద పెడితే పొడి రాలుతుంది, నూనె లేకున్నా కోసుకోవచ్చు. గబుక్కున చల్లారితే గ్రాఫైట్ అయ్యే వ్యవధి ఉండదు, ఇనుముతోనే కలిసి కార్బైడ్ అయిపోతుంది. అది తెల్ల బీడు. గాజు గీసినా గీయొచ్చు గానీ, లేత్ టూలుకు లొంగదు. పల్చటి ఆకు, సన్నటి అంచు, పదునైన మూల, ఇవే ముందుగా చల్లారేవి. మోడల్ ఇంజను మొత్తం ఇవే.

ఇప్పుడు అసలు కిటుకు. పెద్ద అంకె గ్రేడు రావాలంటే ఫౌండ్రీవాడు కార్బన్‌నూ సిలికాన్‌నూ తగ్గిస్తాడు. మేం కార్బన్ ఈక్వివలెంట్ అని లెక్కకట్టేవాళ్లం: కార్బన్‌కు సిలికాన్‌లో మూడోవంతు, భాస్వరంలో మూడోవంతు కలపాలి. ఆ మొత్తం 4.3 దగ్గరుంటే బీడు నీళ్లలా పారుతుంది, గ్రాఫైట్ హాయిగా ఏర్పడుతుంది, మెత్తగా ఉంటుంది. 3.8కి దించితే కడ్డీ బలం పెరుగుతుంది, పల్చటిచోట తెల్లబడే గుణమూ పెరుగుతుంది. అంటే పల్చటి చక్రానికి 300 గ్రేడు రాయించడమంటే డబ్బిచ్చి తెల్ల బీడు కొనుక్కోవడమే. ఫౌండ్రీవాడు మోసం చెయ్యలేదు. అడిగిందే ఇచ్చాడు. కడ్డీ లాగి, 300 వచ్చిందని సర్టిఫికెట్టు కూడా జతచేశాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మా రోజుల్లో ఇలా జరగకపోవడానికి కారణం మేం మహానుభావులం కావడం కాదు. మా మిస్త్రీ జరగనిచ్చేవాడు కాదు. ఆయన రైల్వే వర్క్‌షాపు మనిషి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది కదా, ఆ తరం పనివాళ్ల దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్నవాడు. చదువు రాదు. సిలికాన్ శాతం ఎంతని అడిగితే ముఖం చూసేవాడు. కానీ మౌల్డులు పోయడానికి ముందు ప్రతిసారీ ఒక చిన్న గరిటెడు ఇనుము తీసి, కోర్ ఇసుకలో చేసిన ఆప్పు ఆకారపు అచ్చులో పోయించేవాడు. ఒకవైపు మందంగా, ఇంకోవైపు కత్తిలా పల్చగా ఉండే ముక్క. అది గడ్డకట్టాక నీళ్లలో ముంచి, సుత్తితో విరిచి, వెలుతురులో పెట్టి చూసేవాడు. కొనవైపు ఎంత దూరం తెల్లగా ఉందో వేలి గోరుతో కొలిచేవాడు. గోరు దాటితే “పోయకు” అనేవాడు. అంతే. పదిమంది మౌల్డర్లు పెట్టెలు సిద్ధం చేసుకుని నిలబడ్డా సరే, ఆ లేడిల్‌లోని ఇనుము చక్రాలకు పోసేది లేదు, మందపాటి బరువులకు పోయాల్సిందే. యజమాని వచ్చి అరిచినా వినేవాడు కాదు.

విరిచి చూడటంలో ఇంకా చాలా ఉంది. విరిగిన ముఖం నల్లగా, పెద్ద పెద్ద గింజలుగా మెరిస్తే మరీ మెత్తన, సిలిండరుకు పనికిరాదు, ఆవిరి చెమర్చినట్టు బయటికొస్తుంది. సన్నటి గింజతో ఒకే తీరు బూడిదరంగులో ఉంటే అది సిలిండరు బీడు. మచ్చలుంటే జాగ్రత్త. చెవికి కూడా పని ఉండేది. సుత్తితో తట్టితే మంచి బూడిదరంగు బీడు మోగీ మోగనట్టు మోగుతుంది. తెల్లది గంట కొట్టినట్టు కణకణలాడుతుంది. పగులున్నది బొంగురు పోతుంది. వీటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

మా కుపోలా కొలిమిని తెల్లవారకముందే రాజేసేవాళ్లం. కింద కోకు పరుపు, దానిమీద పిగ్ ఐరన్ ఒక వరస, పాత బీడు తుక్కు ఒక వరస, సున్నపురాయి, మళ్లీ కోకు. పిగ్ ఐరన్ ఎక్కడిదో కూడా చూసుకునేవాళ్లం. భద్రావతిలో 1923లో మొదలైన మైసూరు కార్ఖానాలో కట్టెబొగ్గుతో ఇనుము తీసేవారు, దాంట్లో గంధకం తక్కువని పాత మిస్త్రీలు దాని పేరు గౌరవంగా చెప్పేవారు. భిలాయ్ వచ్చింది, 1990ల నాటికి మన విశాఖ ఉక్కు వచ్చింది. తుక్కులో కూడా రకాలు. పాత కుట్టుమిషను కాళ్లు, బావి గిలకలు, ఇంగ్లీషువాళ్ల కాలంనాటి గేట్లు వస్తే పక్కన పెట్టేవాళ్లం. వాటిలో భాస్వరం ఎక్కువ. భాస్వరం ఉంటే ఇనుము బాగా పారి, పూలూ తీగలూ అంత నాజూకుగా పడతాయి. అలంకారపు గేటుకు అది దివ్యం. ఆవిరి సిలిండరుకు అదే విషం, గోడలో కంటికి కనపడని సందులు పెడుతుంది. అది తెలిసినవాడు తుక్కు కుప్ప దగ్గర నిలబడి ఏరేవాడు. ఇప్పుడు తుక్కు లారీ నుంచి అయస్కాంతంతో ఎత్తి నేరుగా కొలిమిలో వేస్తున్నారు.

ఇప్పటి ఇండక్షన్ కొలిమి గురించి నాకు పగ లేదు. పొగ లేదు, వేడి చెప్పినంత వస్తుంది, స్పెక్ట్రోమీటరు నిమిషంలో అన్ని మూలకాల శాతమూ చెప్పేస్తుంది. కానీ దానిలో పిగ్ ఐరన్ ఖరీదని స్టీలు రేకుల ముక్కలు వేసి, కార్బన్ పొడి కలిపి బీడు చేస్తున్నారు. కుపోలాలో కోకు వల్ల గంధకం 0.1 శాతం దాకా చేరేది. దాన్ని మేం తిట్టుకునేవాళ్లం, మాంగనీసు వేసి సరిచేసేవాళ్లం. ఇండక్షన్లో గంధకం మరీ తక్కువ. తక్కువైతే మంచిదే కదా అంటారు. కాదు. గ్రాఫైట్ మొలకెత్తడానికి ఇనుములో కాస్త ఆధారం కావాలి, ఆ ఆధారానికి కొద్దిపాటి గంధకం అవసరం. పైగా ఎక్కువసేపు ఎక్కువ వేడిలో మరిగించిన ఇనుములో ఆ మొలకలన్నీ చచ్చిపోతాయి. స్టీలు తుక్కుతో కొద్దిగా క్రోమియం వస్తే ఇక చెప్పక్కర్లేదు, తెల్లబడటానికి అదొక్కటి చాలు.

దానికి మందు ఉంది. లేడిల్‌లో ఫెర్రోసిలికాన్ నలకలు చల్లాలి. ఇనుము బరువులో 0.2, 0.3 శాతం చాలు. ఇది పాలకు తోడు వేయడం లాంటిది. వేసేది చిటికెడే, పని చేసేది కుండెడు. తేడా ఒక్కటే. పాలు రాత్రంతా ఆగుతాయి, ఇనుము ఆగదు. చల్లిన పది పదిహేను నిమిషాలకు ఆ మందు బలం చాలావరకు పోతుంది. కొలిమి దగ్గర చల్లి, ట్రాలీలో షెడ్డు చివరికి తీసుకెళ్లి, ఫోను మాట్లాడి, ఆ తర్వాత చక్రాలు పోస్తే ఏమవుతుంది? సర్టిఫికెట్టులో సిలికాన్ సరిగ్గానే ఉంటుంది. చక్రం మాత్రం తెల్లగా ఉంటుంది. స్పెక్ట్రోమీటరుకు ఫోను సంగతి తెలియదు.

పిల్లవాడు అడిగాడు, “మరి ఏం రాయాలె తాతా?”

మొదట, మొత్తం ఇంజనుకు ఒకే గ్రేడు రాయడం మానమన్నాను. పొగగొట్టం, డోము, స్మోక్‌బాక్స్ తలుపు, ఇవి బరువు మోసేవి కావు. ఎఫ్‌జీ 150 చాలు. అచ్చులో పూర్తిగా నిండడమే వీటికి ముఖ్యం. చక్రాలకు ఎఫ్‌జీ 200 పేరు రాసి, పక్కన కార్బన్ 3.4 నుంచి 3.6, సిలికాన్ 2.2 నుంచి 2.6 ఉండాలని అడగాలి. 129 మిల్లీమీటర్ల చక్రం మీద పడే బరువుకు 150 బలమైనా ఎక్కువే. బలం కోసం కాదు, లేత్ మీద తిరిగి, పట్టా మీద అరగకుండా ఉండటం కోసం ఈ ఎంపిక.

సిలిండరు దగ్గర మాత్రం నేను కూడా మెట్టు ఎక్కుతాను. అక్కడ మందం 10, 12 మిల్లీమీటర్లుంటుంది, వాల్వు ముఖం దగ్గర ఇంకా ఎక్కువ. సన్నటి గింజ కావాలి, ఆవిరి కారకూడదు. ఎఫ్‌జీ 220 సరిపోతుంది, మంచి ఫౌండ్రీ అయితే 260. భాస్వరం 0.15 శాతం దాటకూడదని రాయాలి. సిలిండరుకు బీడును మించింది లేదు. దానిలోని గ్రాఫైట్ నూనెకు తోడై నిలుస్తుంది, కొంత వాడాక లోపలిముఖం అద్దంలా తయారవుతుంది. బీడు సిలిండరులో బీడు రింగే వేసుకోవచ్చు. ఆ రింగులకు మాత్రం ఇసుకలో పోయించే పని పెట్టుకోవద్దు. కంటిన్యూయస్ కాస్ట్ కడ్డీ బజారులో దొరుకుతుంది, దాంట్లో ఇసుకా, బుడగలూ ఉండవు, కోసుకోవడమే.

“ఎస్‌జీ ఐరన్ అన్నింటికన్న మంచిదట గదా?” అన్నాడు. ఎవరో ఎక్కించారు. ఇప్పుడు ఫ్యాషను అదే. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అనే ఆయన కరిగిన బీడులో మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ రేకులుగా కాకుండా గుండ్లుగా మారుతుందని కనిపెట్టాడు. ఆ గుండ్ల గ్రాఫైట్ బీడే ఎస్‌జీ. నిజంగా గొప్ప పని. వంగే బీడు అప్పటిదాకా చాలా కష్టపడితే గానీ దొరికేది కాదు. మన ఐఎస్ 1865లో 500/7 అంటే 500 బలం, తెగేలోపు 7 శాతం సాగుతుంది. కనెక్టింగు రాడ్డు, కప్లింగు హుక్కు, దెబ్బ తగిలే బ్రాకెట్టు, వీటిని పోతలోనే చేయాలంటే ఎస్‌జీయే చేయాలి. కానీ మెగ్నీషియం కూడా పల్చటిచోట కార్బైడును పెంచేదే. గడ్డకట్టేటప్పుడు లోపల గుల్ల పడకుండా దానికి అదనపు ఇనుము అందించే పెద్ద పెద్ద రైజర్లు కావాలి. చిన్న చక్రాలకు అది గొప్పలకు పోవడమే.

బీడు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో మొదటి రైలింజను రోజునే తేలిపోయింది. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్‌లో రిచర్డ్ ట్రెవితిక్ ఇంజను బండ్లను లాగింది. ఇంజను సిలిండరు బీడు, బాగానే పనిచేసింది. కింద పట్టాలూ బీడువే, ఇంజను బరువుకు విరిగిపోయాయి. నొక్కితే బీడు లాగినప్పటికంటే మూడు నాలుగు రెట్లు ఓరుస్తుంది. లాగినా, వంచినా, కొట్టినా పగిలిపోతుంది. రెండువందల ఏళ్ల కింద తేలిన సంగతి ఇప్పుడు మళ్లీ టూళ్లు విరగ్గొట్టుకుని తెలుసుకోవాలా?

ప్యాటర్న్ సంగతి కూడా చెప్పాలి. మా ప్యాటర్న్ మిస్త్రీ దగ్గర ఒక స్కేలు ఉండేది. చూడ్డానికి మామూలు అడుగు స్కేలే, కానీ అసలు అడుగు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. బీడు చల్లారితే నూటికి ఒక వంతు కుదించుకుంటుంది, ఆ లెక్క స్కేలులోనే కలిపి ఉండేది. కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ స్కేలుతో తలుపు కొలిచి తలుపు చేసిపెట్టిన కథలు మా షెడ్డులో చాలా ఉండేవి. ఇప్పుడు కంప్యూటరులో 101 శాతం అని కొడితే 3డీ ప్రింటరు ప్యాటర్న్ ఇచ్చేస్తుంది. అది బాగుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ ప్లాస్టిక్ మీద పొరలు పొరలుగా గీతలుంటాయి. వాటిని లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దకపోతే ప్యాటర్న్ పైకి తీసేటప్పుడు ఇసుక ఊడి వస్తుంది. పక్కలు కొద్దిగా ఏటవాలు లేకపోతే అసలు రానేరాదు. ఏటవాలు సంగతి ప్రింటరు చెప్పదు. ఆకు అంచుతో కలిసేచోట మూల పదునుగా ఉంచితే అక్కడే పగులుతుంది. ఆకు ముందు చల్లారి కుదించుకుంటుంది, అంచు వెనకపడుతుంది, ఇద్దరి మధ్య పెనుగులాట. పాతకాలపు పిండిమర బెల్టు చక్రాలు చూడండి. వాటి ఆకులు తిన్నగా ఉండవు, వంకర తిరిగి ఉంటాయి. అందం కోసమని అందరూ అనుకుంటారు. ఆ వంకర కొద్దిగా సాగి, చల్లారేటప్పటి లాగుడును మింగుతుంది. డబ్ల్యూపీ ఆకుల్ని వంకర చెయ్యలేం గనక మూలల్లోనైనా గుండ్రం ఇవ్వాలి.

తెల్లబడ్డ చక్రాలను పారెయ్యక్కర్లేదు కూడా. 900 డిగ్రీలు దాటే వేడిలో గంటల తరబడి ఉంచి, కొలిమిలోనే నెమ్మదిగా చల్లారనిస్తే కార్బైడు విడిపోయి మెత్తబడుతుంది. మేం ఇనుప పెట్టెలో పెట్టి, చుట్టూ బీడు పొడి కూరి, మూత అతికి, కొలిమిలో రాత్రంతా వదిలేసేవాళ్లం. ఇప్పుడు హీట్ ట్రీట్‌మెంట్ షాపులున్నాయి, డబ్బు కడితే చేస్తారు.  కొంచెం బలం తగ్గుతుంది, తగ్గనీ.

బ్రిటన్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ 1898లోనే మోడల్ ఇంజనీర్ అనే పత్రిక మొదలైంది. ఎల్‌బీఎస్‌సీ అనే పేరుతో కర్లీ లారెన్స్ అనే ఆయన 1920ల నుంచి దశాబ్దాలపాటు ఇంటి వెనక షెడ్డులో ఆవిరి ఇంజను చేసుకోవడం ఎలాగో అందులో రాశాడు. ఇంజను పేరు చెబితే దానికి కావలసిన కాస్టింగులన్నీ సెట్టుగా అమ్మేవాళ్లున్నారు. గ్రేడు ఆలోచించే పని కొనేవాడికి లేదు. మన దగ్గర పిల్లవాడు పన్నెండు చక్రాలు కావాలంటే ఫౌండ్రీవాడు “టన్ను ఆర్డరు తేండి” అంటాడు. మా రోజుల్లో ఇలాంటి చిన్న పని వస్తే పెద్ద ఆర్డరు చివర మిగిలిన ఇనుముతో పోసిచ్చేవాళ్లం. డబ్బులు కూడా చాలాసార్లు తీసుకునేవాళ్లం కాదు. వచ్చినవాడు పక్కనే నిలబడి చూడాలనేది ఒక్కటే షరతు.

మా రోజులన్నీ బంగారమని నేనెప్పుడూ అనలేదు. ఇసుక ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు మా షెడ్డులో ఎంతోమంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే నవ్వేవాళ్లు. కరిగిన ఇనుము వేడి ఎంతో రంగు చూసి చెప్పేవాళ్లం, తప్పినరోజు సగం కాస్టింగులు తుక్కులోకి పోయేవి. ఇప్పుడు థర్మోకపుల్ ముంచితే 1400 డిగ్రీలని చూపిస్తుంది. ఇవన్నీ మంచి మార్పులే. నా గొణుగుడంతా ఒక్కదాని గురించే. ఇన్ని పరికరాలు వచ్చాక విరిచి చూడటం ఎందుకు మానేశారు? దానికి ఖర్చు లేదు. సుత్తి ఒక్కటే కావాలి.

మోడల్ ఇంజను చేసేవాళ్లు, చెయ్యాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క మాట. బాయిలరు జోలికి బీడుతో పోవద్దు, దానికి రాగి ఉంది, తెలిసినవాళ్లున్నారు, పరీక్ష చేయించుకోండి. మిగతా బీడు పనికి ఆర్డరు రాసేటప్పుడు గ్రేడు అంకె కింద మీ కాస్టింగులో అతి పల్చటిచోట మందం ఎంతో పెద్ద అక్షరాలతో రాయండి. “లేత్ మీద పడాలి, తెల్లబడకూడదు” అని కూడా రాయండి. ప్రతి లేడిల్ నుంచీ ఒక ఆప్పు ముక్క పోసి, విరిచి, కాస్టింగుతోపాటు ఇమ్మని అడగండి. ఫౌండ్రీవాడు నవ్వితే నవ్వనీ. ఇవ్వనంటే ఇంకో ఫౌండ్రీకి వెళ్లండి, బాలానగర్ పెద్దదే.